‘చినికి చినికి గాలివాన’ యుద్ధానికి సరిపోతుందా?

వియత్నాం యుద్ధం మీద వ్యాసం అనువదిస్తున్న సభ్యురాలొకరు ‘ఎస్కలేషన్’ను తెలుగులో ఏమనాలని మొన్న గ్రూపులో అడిగారు. ‘తీవ్రతరం కావడం’, ‘ముదరడం’, ‘శ్రుతి మించడం’ అని జవాబులు వచ్చాయి కానీ, ఎక్కువమంది మొగ్గింది ‘చినికి చినికి గాలివాన’ వైపే. ఆ సామెత నాకూ ఇష్టమే. అన్నదమ్ముల మధ్య మాటా మాటా పెరిగి కోర్టుకెక్కిన తగాదాకు అది అతికినట్టు సరిపోతుంది. ఒక పెద్ద దేశం తనది కాని యుద్ధంలోకి దిగి, ఇంకా ఇంకా దిగుతూ పోవడాన్ని చెప్పడానికి మాత్రం పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

చినుకు దానంతటదే పడుతుంది. గాలివాన దానంతటదే వస్తుంది. ఎవరు కురిపించారని ఎవరూ అడగరు. వియత్నాంలో ప్రతి దశలోనూ ఒక కాగితం ఉంది, దాని కింద సంతకం ఉంది, సంతకం పక్కన తేదీ ఉంది.

1950లో అమెరికాలో ట్రూమన్ ప్రభుత్వం, వియత్నాం భాగంగా ఉన్న ఫ్రెంచి వలస ఇండోచైనాలో పోరాడుతున్న ఫ్రెంచివాళ్లకు డబ్బు, ఆయుధాలు ఇవ్వడంతో మొదలుపెట్టింది. 1954 మేలో డియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. వియత్నాం ఉత్తర, దక్షిణాలుగా చీలింది. ఫ్రాన్స్ తప్పుకుంది, దక్షిణం పక్షాన నిలిచిన అమెరికా తప్పుకోలేదు. 1961లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పదవి దిగేనాటికి దక్షిణ వియత్నాంలో అమెరికా సైనిక సలహాదారులు వెయ్యి లోపే. 1963 చివరికి దాదాపు 16 వేలు.

ఈ ‘సలహాదారు’ దగ్గర కాస్త ఆగాలి. మనకు సలహాదారు అంటే పక్కన కూర్చుని ఇలా చెయ్యండి అని చెప్పే మనిషి. 1963 జనవరి 2న ఆప్ బాక్ అనే ఊరి దగ్గర జరిగిన పోరులో అమెరికా 5 హెలికాప్టర్లు పోగొట్టుకుంది, ముగ్గురు అమెరికన్లు చనిపోయారు. సలహా చెప్పడానికి వెళ్లినవాళ్ల హెలికాప్టర్లు కూలుతున్నాయంటే ఆ మాటలో అప్పటికే నిజం మిగల్లేదు. అనువాదంలో ‘సలహాదారులు’ అని రాయక తప్పదు. కానీ ‘సలహాదారుల పేరుతో వెళ్లిన సైనికులు’ అని ఒక్కచోటైనా రాస్తే చదివేవాళ్లకు అసలు సంగతి అందుతుంది.

1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో మాడాక్స్ అనే అమెరికా నౌక మీద ఉత్తర వియత్నాం పడవలు దాడి చేశాయి. 4న మళ్లీ దాడి జరిగిందన్నారు. ఆ రెండో దాడి జరగనే లేదని తర్వాత తేలింది. ఈలోగా 7వ తేదీనే, సైన్యాన్ని వాడే అధికారం అధ్యక్షుడు జాన్సన్ చేతికి ఇస్తూ అమెరికా కాంగ్రెస్ తీర్మానించింది. దిగువ సభలో 416 మంది అవునన్నారు, కాదన్నవాళ్లే లేరు. సెనేట్‌లో కాదన్నది ఇద్దరు.

అసలు చూడాల్సింది 1965. మార్చి 2న ఉత్తర వియత్నాం మీద వరసగా బాంబులు వెయ్యడం మొదలైంది. విమానాలకు స్థావరం కావాలి, స్థావరానికి కాపలా కావాలి. ఆ కాపలా కోసమని మార్చి 8న దా నాంగ్ తీరంలో దాదాపు 3,500 మంది మెరైన్లను (సముద్రం మీంచి ఒడ్డుకు దిగి పోరాడే అమెరికా సైనికులను) దించారు. నిండా ఆయుధాలతో వాళ్లు నీళ్లలోంచి ఒడ్డుకు వస్తే, స్థానిక అమ్మాయిలు పూలదండలతో ఎదురొచ్చారు. మెడలో దండ, ముఖంలో నవ్వన్నది లేకుండా నిలబడ్డ వాళ్ల జనరల్ ఫొటో చాలామంది చూసే ఉంటారు. నెల తిరక్కుండానే, ఏప్రిల్ 6న, ఒక రహస్య ఆదేశం జారీ అయింది. కాపలాకు వచ్చిన ఆ మెరైన్లను ఇకమీదట ‘మరింత చురుగ్గా’ వాడుకోవచ్చని అందులో ఉంది. అంటే స్థావరం దాటి వెళ్లి యుద్ధం చెయ్యొచ్చని. ఈ మార్పు ముందే బయటికి పొక్కకుండా చూసుకోవాలని కూడా ఆ కాగితంలోనే రాశారు. జులై 28న జాన్సన్ సైనికుల సంఖ్యను 75 వేల నుంచి 1,25,000కు పెంచుతున్నామని ప్రకటించారు. ఏడాది చివరికి అది 1,84,000 అయింది. 1969 ఏప్రిల్ నాటికి 5,43,000.

ఈ వరసలో చినుకు ఎక్కడుందో చెప్పండి.

తెలుగులో ఇలాంటి విషయం రాయడానికి మంచి సౌలభ్యం ఉంది. మన క్రియలు జంటలుగా ఉంటాయి. పెరిగింది, పెంచారు. ముదిరింది, ముదిరేలా చేశారు. రాజుకుంది, రాజేశారు. సైన్యం దిగింది, సైన్యాన్ని దించారు. మొదటి రూపంలో చేసినవాడు కనిపించడు, రెండోదాంట్లో తప్పించుకోలేడు. పత్రికల్లో యుద్ధవార్తలు చూస్తే దాదాపు అన్నీ మొదటి రూపంలోనే ఉంటాయి: ‘ఉద్రిక్తతలు పెరిగాయి’, ‘పరిస్థితి చేయి దాటింది’. ఎవరి చేయి దాటింది? ఆ చేయి ఎవరిదో రాయడం అనువాదకుల బాధ్యత అంటాను.

ఇంగ్లిషు మాటలోనూ ఇదే లోపం. ఎస్కలేటర్ అన్నది ఓటిస్ కంపెనీ తన కదిలే మెట్లకు పెట్టుకున్న పేరు, 1900లో పారిస్ ప్రదర్శనలో లోకానికి చూపించింది. దాంట్లోంచే తర్వాత ‘ఎస్కలేట్’ అనే క్రియ పుట్టింది. కదిలే మెట్ల మీద మనిషి ఊరికే నిలబడితే చాలు, పైకి పోతుంటాడు. యుద్ధానికి ఈ మాట పెట్టినవాళ్లకు ఎంత సుఖమైన మాట దొరికిందో ఆలోచించండి.

నా సూచన ఇది. మన నుడికారంలోనే ఒంటి భాగాలతో ఒక వరస ఉంది: వేలు పెట్టడం, చెయ్యి వెయ్యడం, కాలు మోపడం, తల దూర్చడం, పీకల దాకా కూరుకుపోవడం. 1950 వేలు పెట్టడం. 1963 నాటికి చెయ్యి వేశారు. దా నాంగ్‌లో కాలు మోపారు. వ్యాసమంతా ఒకే మాట పట్టుకుని లాగకుండా, ఏ దశకు ఆ మాట వాడండి. నామవాచకం కావాల్సినచోట ‘అంచెలంచెలుగా యుద్ధంలోకి దిగడం’ అనో, ‘సైనిక జోక్యాన్ని పెంచుకుంటూ పోవడం’ అనో రాయండి. పెంచుకుంటూ అన్నదాంట్లో ఆ ‘చు’ పోనివ్వకండి.

వ్యాఖ్య: మాస్టారూ, మీరన్నది ఒప్పుకుంటాను కానీ ఒక సందేహం. సంతకాలు పెట్టినవాళ్లకు కూడా చివరికి ఎక్కడ తేలతామో తెలియదు కదా. ప్రతిసారీ ఇంకొంచెం పంపితే సరిపోతుందనుకున్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది గాలివానే అనిపించి ఉండొచ్చు.

జవాబు: తెలియదని అనడానికి వీల్లేదండీ. అమెరికా విదేశాంగ శాఖలో రెండో స్థానంలో ఉన్న జార్జ్ బాల్ 1964 అక్టోబరులోనే రాసి ఇచ్చాడు, పులి వీపు ఎక్కాక ఎక్కడ దిగాలో మనం ఎంచుకోలేమని. మన ‘పులి మీద స్వారీ’యే అది. 1965 జులై 1న మళ్లీ రాశాడు: పెద్దసంఖ్యలో సైనికులు చనిపోవడం మొదలైతే వెనక్కి తిరగడం దాదాపు అసాధ్యమవుతుందని. దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో అమెరికా రాయబారి మాక్స్‌వెల్ టేలర్ స్వయంగా సైన్యాధికారి. ఒకసారి కాల్బలాన్ని దింపితే ఆ తర్వాత గీత గీసి ఆపడం చాలా కష్టమని 1965 ఫిబ్రవరిలోనే హెచ్చరించాడు. అంటే మెరైన్లు దిగడానికి ముందే.

ఎందుకు ఆగలేదన్నదానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నిజాయితీ గల జవాబు రక్షణ శాఖలో అధికారి జాన్ మెక్‌నాటన్ 1965 మార్చిలో రాసుకున్న లెక్కలో ఉంది. వియత్నాంలో అమెరికా లక్ష్యాలను ఆయన శాతాల్లో వేశాడు. 70 శాతం, అవమానకరమైన ఓటమి తప్పించుకోవడం. 20 శాతం, ఆ నేల చైనా చేతికి పోకుండా చూడడం. దక్షిణ వియత్నాం ప్రజల మంచి జీవితం కోసం 10 శాతం. 1971లో పెంటగాన్ పత్రాలు (ఈ యుద్ధం మీద అమెరికా రక్షణ శాఖ రాయించుకున్న రహస్య చరిత్ర) బయటపడ్డప్పుడు లోకం దాన్ని చదివింది. 70 శాతం పరువు కోసమైతే, పంపినకొద్దీ ఇంకా పంపాల్సిందే. ఎందుకంటే ప్రతి కొత్త దళంతో పోగొట్టుకోవాల్సిన పరువు కూడా పెరుగుతుంది.

వ్యాఖ్య: ‘ఊబి’ మాటేమిటి? మన పత్రికల్లో ‘వియత్నాం ఊబి’ బాగా స్థిరపడింది కదండీ.

జవాబు: గాలివాన కన్నా మేలు. ఊబిలో అడుగు వేసినవాడు కనిపిస్తాడు. కానీ అది నేల మీద నింద వేస్తుంది, అదే నాకు బాధ. అది అక్కడివాళ్లు నాట్లు వేసుకుని బతికే భూమి. అమెరికా సైనికులు 58 వేలకు పైగా చనిపోయారు. వియత్నాం ప్రభుత్వం 1995లో ఇచ్చిన అంచనా ప్రకారం తమవైపు పోరాడినవాళ్లు 11 లక్షల మంది, రెండు వైపులా కలిపి మామూలు జనం 20 లక్షల దాకా. ఎవరి ఇల్లు ఎవరికి ఊబి అయిందో ఆ మాట చెప్పదు.

వ్యాఖ్య: ఇంకొక మాట చేరుస్తాను. 1979 డిసెంబరులో అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లిన తమ సైన్యాన్ని సోవియట్ ప్రభుత్వం ‘పరిమిత దళం’ అంది. ఆ పరిమితం లక్ష దాటింది, తొమ్మిదేళ్లకు పైగా ఉంది. దాదాపు 15 వేల మంది సోవియట్ సైనికులు చనిపోయారు. 1989 ఫిబ్రవరి 15న ఆఖరివాళ్లు వెనక్కి వచ్చేదాకా ఆ పేరు మాత్రం మారలేదు.

జవాబు: చాలా బాగా అందించారు. సలహాదారు, కాపలా, పరిమిత దళం, మరింత చురుగ్గా. పైమెట్టు ఎక్కేటప్పుడు కిందిమెట్టు మాటే వాడతారు. ఈ నాలుగూ ఒకచోట రాసిపెట్టుకోండి, అనువాదాల్లో పనికొస్తాయి.

వ్యాఖ్య: చినికి చినికి సరైనదా, చిలికి చిలికి సరైనదా? రెండూ చూస్తుంటాను.

జవాబు: రెండూ వాడుకలో ఉన్నాయి. చినుకుతో సంబంధం కనబడుతుంది కాబట్టి నేను ‘చినికి’ రాస్తాను. ‘చిలికి’ రాసినవాళ్లను తప్పుపట్టను.

వ్యాఖ్య (మొదట అడిగిన సభ్యురాలు): చాలా ఉపయోగపడింది మాస్టారూ, ‘పెరిగింది’ అన్నవన్నీ వెతికి ‘పెంచారు’ చేస్తున్నాను. కొన్నిచోట్ల వాక్యం ఆగిపోతోంది, ఎవరు పెంచారో మూలంలో లేదు. వెళ్లి వెతకాల్సి వస్తోంది. చివరి భాగంలో ‘డీ-ఎస్కలేషన్’ కూడా ఉంది. ‘వెనక్కి తగ్గడం’ అనొచ్చా?

జవాబు: ఆ వెతుకులాట మంచిదేనమ్మా, చెయ్యండి. ‘వెనక్కి తగ్గడం’ అనేముందు మాత్రం తేదీలు చూడండి. 1968 మార్చి 31న జాన్సన్ ఉత్తర వియత్నాంలో ఎక్కువ ప్రాంతం మీద బాంబులు ఆపుతున్నామన్నారు, తాను మళ్లీ పోటీ చెయ్యనన్నారు. సైనికుల సంఖ్య శిఖరానికి చేరింది ఆ తర్వాత ఏడాదికి. 1969 జూన్‌లో, జాన్సన్ తర్వాత అధ్యక్షుడైన నిక్సన్ తొలివిడతగా 25 వేల మందిని వెనక్కి పిలిపిస్తున్నామన్నారు. 1970 ఏప్రిల్ 30న అదే నిక్సన్ కంబోడియాలోకి సైన్యాన్ని పంపుతున్నామని ప్రకటించారు. కాబట్టి ‘తగ్గించారు’ అని రాసిన ప్రతిచోటా ఏది తగ్గించారో కూడా రాయండి: సైనికులనా, బాంబులనా, యుద్ధం జరిగే ప్రాంతాన్నా. 1970లో మొదటిది తగ్గిస్తూ మూడోది పెంచారు. మిగిలిన అమెరికా దళాలు వియత్నాం వదిలింది 1973 మార్చిలో.