పీడీఎఫ్ లోపలి మాటలు సెర్చ్‌లో దొరకడం లేదు

విండోస్ 11 ల్యాప్‌టాప్. పాత కాగితాలన్నీ డి డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఫైల్ పేరు కొడితే వెంటనే వస్తోంది. లోపల ఉన్న మాటతో వెతికితే వర్డ్ ఫైళ్లు వస్తున్నాయి గానీ, పీడీఎఫ్ ఒక్కటీ రావడం లేదు. అవి స్కాన్ చేసినవి కావు. తెరిచి కంట్రోల్ ఎఫ్ కొడితే అదే మాట దొరుకుతోంది.

ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో (సెర్చ్ కోసం విండోస్ ముందే ఫైళ్లను చదివి జాబితా చేసుకునే సెట్టింగ్) ఆ ఫోల్డర్ చేర్చాను. అడ్వాన్స్‌డ్‌లో ఫైల్ టైప్స్ ట్యాబ్‌లో పీడీఎఫ్‌కి ఫైల్ కంటెంట్స్ కూడా ఇండెక్స్ చేయమని పెట్టాను. రీబిల్డ్ నొక్కి, ఇండెక్సింగ్ పూర్తయిందని చూపించాక రీస్టార్ట్ చేశాను. ఫలితం లేదు. అదే ట్యాబ్‌లో పీడీఎఫ్ పక్కన మాత్రం 'రిజిస్టర్డ్ ఐఫిల్టర్ ఈజ్ నాట్ ఫౌండ్' అని ఉంది (ఐఫిల్టర్ అంటే ఫైల్ లోపలి మాటల్ని చదివి సెర్చ్‌కి అందించే భాగం). అసలు చిక్కు ఇక్కడే అనిపిస్తోంది, ఎందుకంటే వర్డ్ ఫైళ్ల పక్కన అలా లేదు. పాత పీడీఎఫ్ రీడర్ తీసేశాకే ఇది మొదలైంది.

ఈ మెసేజ్ గురించి నెట్‌లో వెతికితే ఒక సైట్ 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఇది డౌన్‌లోడ్ చేయండి' అని స్క్రీన్ నిండా చూపించింది. ఏదీ నొక్కకుండా బ్రౌజర్ మూసేశాను, ఫుల్ స్కాన్‌లో ఏమీ రాలేదు. అయినా టెన్షనే.

తెలియని సైట్ల నుంచి ఏదీ దించుకోకుండా, విండోస్‌తో వచ్చే పీడీఎఫ్ ఫిల్టర్‌ను మళ్లీ పనిచేయించడం ఎలా?