మేడ మీద ఎండ ఉండగా అణు కరెంటు ఎందుకు?

మేడమీద మొక్కలు, సైనిక్‌పురి
పోయిన ఏడాది మా మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాం. ఆరు ప్యానెళ్ళు. లక్షా తొంభై వేలు అయింది, సూర్యఘర్ పథకం కింద 78,000 వెనక్కి వచ్చింది. ఏప్రిల్‌లో రోజుకు 14 యూనిట్ల దాకా వచ్చాయి, జూలై ముసురులో ఏడెనిమిదికి పడిపోయింది. ఆదివారం తెల్లవారకముందే పైపు పట్టుకుని మేడెక్కుతాను. ఎండకు కాగిన అద్దం మీద చల్లటి నీళ్ళు పడితే పగులుతుందని అమర్చిన కుర్రాడు చెప్పాడు. పావురాల రెట్ట ఎండిపోయి ఉంటుంది, మెత్తటి గుడ్డతో రుద్దితే గానీ పోదు. పని అంతే.

నా ప్రశ్న ఇది. ఎండ ఇంత ఉన్న ఊళ్ళో మనకు ఇంకా రియాక్టర్లు కావాలా? శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు కడతామంటున్నారు. 1986లో చెర్నోబిల్, 2011లో ఫుకుషిమా చూశాం. వాడేసిన ఇంధనంలో ఉండే ప్లుటోనియం సగానికి తగ్గడానికే 24,000 ఏళ్ళు పడుతుంది. మా ప్యానెల్ పాడైతే విప్పి కింద పెడతాం.

మౌలాలి రిటైర్డ్
అమ్మా, నేను ఈసీఐఎల్ దగ్గరున్న అణు ఇంధన సంస్థలో 31 ఏళ్ళు పనిచేశాను. దేశంలో 220 మెగావాట్ల రియాక్టర్లకు వెళ్ళే బండిల్స్ మన హైదరాబాద్‌లోనే తయారవుతాయి. ఒక్కో బండిల్‌లో 19 జిర్కోనియం గొట్టాలు, వాటిలో యురేనియం బిళ్ళలు. కొత్త బండిల్‌ని గ్లవుజులు వేసుకుని చేత్తోనే పట్టుకునేవాళ్ళం. మీరు అనుకునే దయ్యం కాదది.

లెక్క చూడండి. తమిళనాడు కూడంకుళంలో ఒక్క రియాక్టర్ 1,000 మెగావాట్లు. పూర్తిగా నడిస్తే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. మీ ఇంట్లో సగటున 12 అనుకుందాం. ఆ ఒక్క రియాక్టర్‌కి సమానం కావాలంటే 20 లక్షల మేడలు కావాలి. అదీ పగలు మాత్రమే. ఇంకో మాట, కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. ఆ సంగతి రాయలేదేం?

నైట్ షిఫ్ట్
నిజమా? కరెంటు పోతే సోలార్ కూడా పోతుందా? మరి పెట్టించుకోవడం దేనికి?

మేడమీద మొక్కలు
పోతుంది. బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కి కలిపే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఎవరిదైనా ఆగాల్సిందే. లేకపోతే లైన్ ఆపి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మా ఇంటి నుంచి వెళ్ళే కరెంటు తగులుతుంది. అతని ప్రాణం కోసం పెట్టిన నియమం. దీన్ని లోపం అంటే నేను ఒప్పుకోను.

కీసర రాజు
బ్యాటరీతో హైబ్రిడ్ పెట్టుకుంటే ఆగదు. ఖర్చు మాత్రం చాలా పెరుగుతుంది.

మౌలాలి రిటైర్డ్
లోపం అనలేదమ్మా. ఆగుతుందా, ఆగదా? ఆగుతుంది. అంటే మీ మేడ గ్రిడ్ మీద ఆధారపడి ఉంది. సాయంత్రం ఏడింటికి ఊరంతా లైట్లు, ఏసీలు వేసే వేళకు మీ ప్యానెళ్ళు పడుకుంటాయి. అప్పుడు ఎవరో ఒకరు కరెంటు తయారుచెయ్యాలి. రామగుండం బొగ్గా, కర్ణాటకలోని కైగా అణువా? పొగ, బూడిద లేకుండా రాత్రంతా వచ్చేది కైగా నుంచే.

మేడమీద మొక్కలు
ఆగుతుంది, ఆగుతుంది. మూడుసార్లు ఒప్పుకున్నాను. ఇక ముందుకు వెళ్దామా?

కొవ్వాడకు అనుకున్న ఏపీ1000 అనే అమెరికా రియాక్టర్ డిజైన్‌తోనే అక్కడ వోగ్ట్‌ల్ అనే చోట రెండు రియాక్టర్లు కట్టారు. ఏడేళ్ళు ఆలస్యంగా 2023లో ఒకటి, 2024లో ఒకటి మొదలయ్యాయి. 1,400 కోట్ల డాలర్లు అనుకున్నది 3,000 కోట్లు దాటింది. మధ్యలో 2017లో ఆ డిజైన్ చేసిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కూడంకుళంలో 2002లో పని మొదలైతే మొదటి రియాక్టర్ వాణిజ్యపరంగా నడిచింది 2014 చివర్లో. మా మేడ మీద పని రెండు రోజుల్లో అయిపోయింది.

మౌలాలి రిటైర్డ్
రెండు రోజులేనా? మీరు లైన్‌కి పంపే కరెంటును లెక్కగట్టే నెట్ మీటర్ ఎన్నాళ్ళకు వచ్చింది?

మేడమీద మొక్కలు
నాలుగు నెలలు. నాలుగు నెలలు ఎండంతా వృథాగా పోయింది. ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగానో నాకే గుర్తు లేదు. ఒకసారి ఫైల్ దొరకలేదన్నారు, ఒకసారి మీటర్ స్టాక్ లేదన్నారు. కోపంతో ఏడుపొచ్చింది. కానీ ఇది సోలార్ తప్పు కాదు. ఒక చిన్న మీటర్‌కే నన్ను ఇలా తిప్పారే, రేపు రియాక్టర్‌లో ఏదైనా జరిగితే నిజం ఆ రోజే చెబుతారని ఎలా నమ్మను? 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు ప్లాంటులో టర్బైన్ రెక్క విరిగి మంటలు లేచాయి. ప్లాంటుకు దాదాపు 17 గంటలు కరెంటే లేదు.

మౌలాలి రిటైర్డ్
నరోరా పేరు తెచ్చారు కాబట్టి మొత్తం చెప్పాలి. రియాక్టర్ ఆపేసినా లోపల వేడి పుడుతూనే ఉంటుంది, చల్లబరచకపోతే ఇంధనం కరుగుతుంది. ఫుకుషిమాలో జరిగింది అదే, సునామీ నీళ్ళలో డీజిల్ జనరేటర్లు మునిగాయి. నరోరాలో మన ఆపరేటర్లు టార్చిలైట్లతో మెట్లెక్కి చేత్తో వాల్వులు తిప్పి, అణుచర్య మళ్ళీ మొదలవకుండా బోరాన్ కలిపారు. మంటలార్పే డీజిల్ పంపులతో నీళ్ళు పంపి చల్లబరిచారు. బయటికి రేడియేషన్ రాలేదు. చెర్నోబిల్‌కి రియాక్టర్‌ని మూసి ఉంచే గట్టి కాంక్రీటు గుమ్మటమే లేదు, మనవాటికి ఉంది. చదవకుండా భయపెట్టకండి.

మేడమీద మొక్కలు
చదివే రాశాను సార్. టార్చిలైట్ పట్టుకుని మెట్లెక్కే మనిషి ఉన్నాడు కాబట్టి బయటపడ్డాం అని మీరే అంటున్నారు. నాకు భయం వేసేది అక్కడే. మీరు జీతం తీసుకున్న చోటుని మీరు సమర్థిస్తారు, అర్థం చేసుకోగలను.

మౌలాలి రిటైర్డ్
జీతం మాట ఎందుకమ్మా? పదేళ్ళ కింద మా అమ్మాయికి సంబంధం కుదిరింది. తాంబూలాలకు రెండు రోజుల ముందు వాళ్ళు ఫోన్ చేశారు. "మీరు యురేనియంలో పనిచేశారట, రేపు పుట్టే పిల్లల సంగతేమిటి" అన్నారు. అప్పటికే వాళ్ళ కోసం వెండి కంచం కొని ఉంచాం. ఏడాదికోసారి నాకు పూర్తి పరీక్షలు చేసేవారు, ఏనాడూ తేడా రాలేదు. ఆ కాగితాలన్నీ తీసుకెళ్ళి చూపిస్తానంటే వద్దన్నారు. మీరు రాసేలాంటి రాతలు చదివే వాళ్ళకు ఆ భయం పట్టుకుంది. సొంత మేడ ఉండి, లక్షలు పెట్టగలిగి, మిగతావాళ్ళకు నీతులు చెప్పడం తేలిక.

నైట్ షిఫ్ట్
సార్, అక్కా, ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

అద్దె ఇల్లు, మూసాపేట
సార్ ఆఖర్న అన్న మాట మీద నేనూ ఒకటి చెప్పాలి. మేము రెండు గదుల్లో ఉంటాం. మా బిల్డింగ్‌లో 12 వాటాలు, మేడ ఒకటే. దాని తాళం ఓనర్ దగ్గరే. బట్టలు ఆరేసుకోవడానికి పొద్దున తొమ్మిది దాకా తీస్తాడు. గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు ఫ్రీ కాబట్టి మాకు గడుస్తోంది. నెలకు 300 దాటి వాడే ఇళ్ళు యూనిట్‌కి ఎక్కువ రేటు కడతాయి, ఆ డబ్బులతో మాలాంటి వాళ్ళ కరెంటు నడుస్తుందని విన్నాను. ఆ ఇళ్ళన్నీ సోలార్ పెట్టుకుని బిల్లు తగ్గించుకుంటే స్తంభాలు, వైర్లు, రాత్రి కరెంటు ఖర్చు ఎవరి మీద పడుతుంది మేడమ్? అణువైనా బొగ్గైనా మాకు వైరులోంచే రావాలి. మాకు మేడ లేదు.

మేడమీద మొక్కలు
ఈ కోణం నేను ఆలోచించలేదు. నిజంగా. కానీ మాకు కనీస చార్జీ ఉంది, నెలనెలా కడుతూనే ఉన్నాం.

అద్దె ఇల్లు
కడుతున్నారు. అది సరిపోతుందా అని అడుగుతున్నా.

సిక్కోలు పిల్ల, మియాపూర్
రెండు రోజులుగా చదువుతున్నాను. 20 లక్షల మేడలు, ఒక్క కూడంకుళం అని లెక్కలు వేశారు. మా అమ్మ పుట్టింది రణస్థలం వైపు, సముద్రం ఒడ్డున. మామయ్యలు ఇప్పటికీ వేటకు వెళ్తారు. కొవ్వాడ రియాక్టర్ల కోసం ఆ ఊరు తీసుకుంటామని చెప్పి పదేళ్ళు దాటింది. తీసుకోనూ లేదు, వదలనూ లేదు. ఎలాగూ పోయే ఊరు కదా అని చిన్నమామయ్య ఇల్లు బాగు చేయించలేదు. పోయిన తుఫానుకి వంటగది మీద రేకు లేచిపోయింది. టార్పాలిన్ కట్టి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. గాలి వచ్చినప్పుడల్లా అత్త లేచి ఇటుకలు సర్దుతుంది. సర్వేకు వచ్చిన అధికారి ఒకాయన "ఇప్పుడు కట్టినదానికి పరిహారం రాదు" అన్నాడట. అది నిజమో కాదో కూడా ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు.

ఈ రియాక్టర్లు మొదట గుజరాత్‌లో మీఠీ విర్దీ దగ్గర కట్టాల్సినవి. అక్కడి రైతులు గట్టిగా వద్దన్నారు. 2016లో మా వైపు మళ్ళించారు. మీ ఇద్దరూ పేలుతుందా, పేలదా అని కొట్టుకుంటున్నారు. పేలకపోయినా మా ఊరు పోతుంది.

మౌలాలి రిటైర్డ్
అమ్మా, బండిల్స్ లారీ ఎక్కేటప్పుడు అవి ఏ ప్లాంటుకు వెళ్తున్నాయో చూసి సంతకం పెట్టేవాణ్ణి. అక్కడ అంతకుముందు ఎవరుండేవారో ఒక్కసారి కూడా అడగలేదు. అది నా తప్పే. కానీ శ్రీశైలం కట్టినప్పుడూ ఊళ్ళు మునిగాయి, బొగ్గు గనులకూ ఊళ్ళు పోయాయి. దేశానికి కరెంటు కావాలంటే ఎక్కడో ఒకచోట కట్టాలి కదా.

సిక్కోలు పిల్ల
ఆ ఎక్కడో ఒకచోట ఎప్పుడూ మా వైపే ఎందుకు సార్? 2019లో నల్లమలలో యురేనియం తవ్వుతారంటే హైదరాబాద్ అంతా కదిలింది. అసెంబ్లీలో తీర్మానం కూడా చేశారు. అప్పుడు నేనూ ధర్నాకు వచ్చాను. అడవి కోసం, పులుల కోసం నినాదాలు ఇచ్చాం. కొవ్వాడ కోసం ఈ ఊళ్ళో ఎంతమంది వచ్చారు?

కీసర రాజు
నేను రాలేదు. అసలు ఈ సంగతే తెలియదు.

మేడమీద మొక్కలు
కొవ్వాడ పేరు మొదట నేనే రాశాను. ఆరు రియాక్టర్లు, ఇన్ని మెగావాట్లు అని రాశాను. ఊరు గురించి ఒక్క ముక్క రాయలేదు. క్షమించమ్మా.

అయినా నా మాట అదే. సార్ అడిగిన 20 లక్షల మేడలు హైదరాబాద్‌లోనే ఉండక్కర్లేదు, రాష్ట్రమంతా ఉన్నాయి, ప్రభుత్వ బడులు, గోదాములు, మెట్రో స్టేషన్లు ఉన్నాయి. రాత్రికి బ్యాటరీలు కావాలి, అద్దెకున్నవాళ్ళకి వాటా దొరికే దారి కావాలి. అది నా దగ్గర లేదు, ఒప్పుకుంటున్నా.

మౌలాలి రిటైర్డ్
బ్యాటరీలు అన్నారు కదా, ఎన్ని కావాలో రేపు లెక్క వేసి పెడతాను. 2025 మార్చిలో రాష్ట్రం డిమాండ్ 17,000 మెగావాట్లు దాటింది. అది చిన్న సంఖ్య కాదు.

అద్దె ఇల్లు
వేసేటప్పుడు మా 12 వాటాలు కూడా కలపండి సార్. ఒక్కో ఇంటికి నెలకు 150 యూనిట్లు అనుకోండి. మేడ పొడవు 40 అడుగులు, వెడల్పు 25. నీళ్ళ ట్యాంకు పడమర మూలన ఉంది, సాయంత్రం నీడ పడుతుంది.