ఉచిత సముద్ర చార్టులు: ఎక్కడ దొరుకుతాయి, ఎంతవరకు నమ్మొచ్చు?

కొత్త_చుక్కాని:
అందరికీ నమస్కారం. 1.4 మీటర్ల డ్రాఫ్ట్ (నీటిలో మునిగే లోతు) ఉన్న చిన్న సెయిల్‌బోటుకి అమెరికా తూర్పు తీరం చార్టులు కావాలి. అధికారికంగా ఉచితంగా దొరికేవి ఏవి? లాప్‌టాప్‌లో ఎలా తెరవాలి? స్కాన్ చేసిన పాత కేఏపీ ఫైళ్ల కట్ట ఒకటి దొరికింది, అది సరిపోతుందా?

లంగరుతాడు:
ఆ కట్ట జోలికి వెళ్లకండి. అవి రాస్టర్ చార్టులు, అంటే కాగితం చార్టుకి తీసిన బొమ్మలు. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వాటిని 2025 నాటికి పూర్తిగా రద్దు చేసింది, ఇక సవరణలు రావు. బోయను జరిపినా, ఇసుక మేట వేసినా పాత బొమ్మలో తెలియదు.

మీకు కావలసింది ఈఎన్‌సీ, అంటే ఎస్-57 అనే ఫార్మాట్‌లో ఉండే అధికారిక ఎలక్ట్రానిక్ చార్టు. ఇది వెక్టర్ చార్టు: బొమ్మ కాదు, లోతులు, బోయలు విడివిడి సమాచారంగా ఉంటాయి. నోవా సైటులో రాష్ట్రం వారీగా గానీ ఒక్కో సెల్‌గా (ఒక చిన్న ప్రాంతపు చార్టు ఫైలుగా) గానీ ఉచితంగా ఇస్తారు. సెల్ పేరులో ‘యూఎస్’ తర్వాత వచ్చే అంకె చూడండి: 3 తీరానికి, 4 రేవు దారికి, 5 రేవు లోపలికి. 3 మాత్రమే దించుకుని రేవులోకి వెళితే సన్నని కాలువలు, విడి రాళ్లు కనబడవు. నదుల్లోకి వెళ్లేవాళ్లకి ఆర్మీ ఇంజనీర్ల విభాగం విడిగా ఉచిత ఈఎన్‌సీలు ఇస్తుంది.

తెరవడానికి ఓపెన్‌సీపీఎన్ అనే చార్టు ప్రోగ్రాం వేసుకోండి. లాప్‌టాప్‌కి ఉచితమే. ఆప్షన్స్‌లో చార్ట్స్, అందులో చార్ట్ ఫైల్స్‌కి వెళ్లి ఫోల్డర్ చేర్చి అప్లై నొక్కండి.

కొత్త_చుక్కాని:
చేర్చాను. తీరం గీత మాత్రం ముతకగా వస్తోంది, లోతులు ఏమీ లేవు.

లంగరుతాడు:
అది ప్రోగ్రాంతో వచ్చే ప్రపంచ పటం, చార్టు కాదు. జిప్‌ని విప్పకుండా చేర్చి ఉంటారు. విప్పితే ‘ఈఎన్‌సీ_రూట్’ అనే ఫోల్డర్, దాని లోపల సెల్‌కొకటి, వాటిలో .000 ఫైలు ఉంటాయి. పై ఫోల్డర్‌నే చేర్చండి. .001, .002 అని ఉన్నవి సవరణలు; వరసగానే ఎక్కుతాయి, మధ్యలో ఒకటి పోతే తర్వాతివి ఎక్కవు. అందుకే ఒక్కో ఫైలు కాపీ చేయకుండా ప్రతిసారీ మొత్తం ప్యాకేజీ కొత్తగా దించుకోవడం మేలు. వారం వారం కొత్తవి వస్తాయి. అన్నీ రేవులో ఉండగానే దించి తెరిచి చూసుకోండి, తీరం దాటాక సిగ్నల్ ఉండదు.

లోతుకొలత:
దించుకోవడం కన్నా సెట్టింగులే ముఖ్యం. 1.4 డ్రాఫ్ట్‌కి జాగ్రత్త కోసం 0.6 కలిపి సేఫ్టీ డెప్త్ (పడవకి కావలసిన కనీస లోతు) 2 మీటర్లు పెట్టండి. నోవా చార్టుల్లో చాలా చోట్ల లోతు గీతలు అడుగుల్లో తీసి మీటర్లకి మార్చినవే: 1.8, 3.6, 5.4. అందుకే 2 పెడితే ప్రోగ్రాం దాని తర్వాతి 3.6 గీతను హద్దుగా చూపుతుంది. ‘ఇంత ప్రాంతం ప్రమాదమా’ అని అంకె తగ్గించకండి, రెండు గీతల మధ్య ఎంత లోతుందో చార్టుకి తెలియదు.

అంకెలన్నీ ఎంఎల్ఎల్‌డబ్ల్యూ నుంచి, అంటే రోజువారీ అతి తక్కువ పాటు మట్టాల సగటు నుంచి కొలిచినవి. సగటు కాబట్టి నీరు అంతకన్నా కిందికి కూడా దిగుతుంది. చార్టులో 1.8 ఉన్నచోట పోటు +0.5 అయితే కీల్ (పడవ అడుగు భాగం) కింద మిగిలేది 0.9 మీటర్లు. −0.2 అయితే మిగిలేది 0.2, చిన్న అల చాలు నేల తగలడానికి. వంతెన ఎత్తు మాత్రం ఉన్నత పోటు సగటు నుంచి చెబుతారు. పడవ తెరచాప స్తంభం వంతెన కింద పడుతుందో లేదో చూసుకునేటప్పుడు ఈ రెండూ కలిపేయకండి.

ఇంకొకటి. చార్టు మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే వివరాల్లో సర్వే నాణ్యత శ్రేణి (క్యాట్‌జాక్) చూడండి. ఏ1 అయితే స్థానంలో తేడా 5 మీటర్ల లోపు. బి అయితే 50. సి అయితే 500 మీటర్ల వరకు, లోతులో 2 మీటర్లకి పైనే తేడా ఉండొచ్చు. సి ఉన్న చోట 2 మీటర్ల నీటిలో జీపీఎస్ గీత పట్టుకుని వెళ్లడం చాలా ప్రమాదం. జూమ్ పెంచితే బొమ్మ పెద్దదవుతుందే గానీ సర్వే మెరుగుపడదు. తెర మీద ఓవర్‌జూమ్ అని వస్తే వెనక్కి రండి.

కొత్త_చుక్కాని:
బాగా అర్థమైంది. కరెంటు పోతే కాగితం ఎలా?

లంగరుతాడు:
నోవా కస్టమ్ చార్ట్ పేజీలో స్కేలు, కాగితం సైజు ఎంచుకుంటే పీడీఎఫ్ ఇస్తుంది, ఉచితమే. ప్రింట్ చేసేటప్పుడు ‘పేజీకి సరిపెట్టు’ తీసేసి 100 శాతం పెట్టండి. లేకపోతే దాని మీద రాసిన స్కేలు తప్పవుతుంది, ఆ స్కేలుతో లెక్కించే దూరాలన్నీ తప్పుతాయి. తయారైన తేదీ పైన రాసుకోండి.