చికాగోలో ఇల్లు వెతుక్కుంటున్న విజయనగరం తమ్ముడికి

తమ్ముడూ, ఏ ఏరియాలో ఇల్లు చూసుకోవాలని నువ్వు గ్రూపులో అడిగితే, "సౌత్ సైడ్ వైపు అసలు పోకు" అని పైన నలుగురు చెప్పేశారు. సౌత్ సైడంటే ఊరి దక్షిణ భాగం, నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండేది. వాళ్ళలో అటు వెళ్ళి చూసినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. రాత్రి పది గంటల లోకల్ న్యూస్‌లో తుపాకీ వార్త వస్తే, తెల్లారేసరికి ఆ క్లిప్పు మన గ్రూపుల్లో తిరుగుతుంది. ఇక ఆ పేట మొత్తానికి అదే పేరు. యూనివర్సిటీ ఆఫ్ చికాగో ఉన్న హైడ్ పార్క్ కూడా సౌత్ సైడే, ఆ మాట ఎవరూ చెప్పరు.

నేరాలు లేవనను, కొన్ని వీధుల్లో ఉన్నాయి. కానీ ఈ మంచి ఏరియా, చెడ్డ ఏరియా మాటల వెనక పాత మ్యాపు ఒకటి ఉంది. 1930ల్లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ, ఎక్కడ ఇంటి అప్పిస్తే ఎంత ప్రమాదమో చూపడానికి, నగరాల మ్యాపుల్లో పేటపేటకీ రంగులేసింది. ఎరుపంటే అన్నిటికన్నా ప్రమాదం. నల్లజాతివాళ్ళుండే పేటలకు దాదాపు అన్నిచోట్లా ఎరుపే. అలాంటిచోట ఇంటి అప్పులకు ప్రభుత్వం పూచీ పడేది కాదు. అప్పు పుట్టనిచోట ఇల్లు బాగుచేసేదెవరు, కొట్టు పెట్టేదెవరు? 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం ఈ వివక్షను నిషేధించింది. అయినా ఊరు చాలావరకు అలా విడివిడిగానే ఉండిపోయింది.

మనకిది కొత్తా? విజయనగరంలో అద్దె గది అడిగితే ఓనరమ్మ అడ్వాన్సు సంగతి తర్వాత, ముందు "మీరెవులు బాబూ?" అని కులం అడుగుతుంది. పల్లెల్లో కాలనీ ఊరికి దూరంగా ఎందుకుంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఏజెంటుని "ఈ వైపు ఎవరుంటారండీ?" అని అడుగు, మాట దాటేస్తాడు. జాతిని బట్టి ఇళ్ళు చూపిస్తే కేసవుతుంది మరి. ఆ ప్రశ్నే మనవాళ్ళు ఇక్కడికొచ్చి అడుగుతారు!

శనివారం పొద్దున్న ఒకసారి, మామూలు రోజు చీకటిపడ్డాక ఒకసారి వెళ్ళి రైలు స్టేషన్ నుంచి ఇంటిదాకా నడిచి చూడు. కిరాణా ఎంత దూరమో, మంచు ఎవరు తీస్తారో కనుక్కో.

తమ్ముడి జవాబు: అక్కా, శనివారం పొద్దున్న లేవలేకపోతున్నాను. రాత్రంతా మన చానళ్ళే.

నీకింకా విజయనగరం టైమే నడుస్తోంది. ఇక్కడ శుక్రవారం రాత్రి పదిన్నరకి అక్కడ శనివారం పొద్దున్న తొమ్మిది. డిబేట్లు ఎక్కడికీ పోవు, లేచాక చూసినా కొంప మునగదు. మన పైడితల్లమ్మ సిరిమాను పండగకైతే మేలుకో, నేనూ మేలుకుంటాను. దసరా వెళ్ళిన మంగళవారం మధ్యాహ్నం అక్కడ మాను కదిలేవేళకి ఇక్కడ తెల్లవారుజాము. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు, తేడా పదకొండున్నర గంటలవుతుంది. అమ్మకి ముందే చెప్పు, రోజూ చేసేవేళకి ఫోన్ రాకపోతే టెన్షన్ పడుతుంది.