ఎకో సాల్వెంట్ ప్రింట్: వెంటనే లామినేట్ చేసి కట్ చేయొచ్చా, ఒక రోజు ఆగాలా?

స్టికర్ పని
అందరికీ నమస్కారం. ప్రింటింగ్, కటింగ్ రెండూ చేసే ఎకో సాల్వెంట్ (ఆవిరైపోయే ద్రావకంలో కలిపిన ఇంకు వాడే) మెషీన్ నడుపుతున్నాను. పోయిన వారం నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉన్న గుండ్రటి స్టికర్లు ప్రింట్ అవగానే లామినేట్ చేసి, కట్ చేసి ఇచ్చేశాను. నాలుగో రోజుకల్లా అంచులు పైకి లేచాయి. ఒకటి పీకి చూస్తే వెనక గమ్ మెత్తగా, తీగలా సాగుతోంది. లామినేషన్‌కు ముందు 24 గంటలు ఆగాల్సిందేనని ఒకరు, మెషీన్‌లోనే ఆరబెట్టే హీటర్ ఉన్నాక ఆగడం దేనికని ఇంకొకరు అంటున్నారు. అర్జంటు ఆర్డర్లకు రోజంతా ఆగడం కష్టం. మీరేం చేస్తున్నారు?

కటింగ్ ప్లాటర్
నేను ఆగను. హీటర్ కాస్త పెంచి, పాస్‌లు (ప్రింట్ హెడ్ ఒకే చోట తిరిగే సార్లు) ఎక్కువ పెట్టి ప్రింట్ తీస్తాను. వేలితో రుద్దితే ఇంకు అంటదు. వెంటనే కటింగ్‌కు పంపిస్తాను. రోల్ దింపి మళ్లీ ఎక్కిస్తే అలైన్‌మెంట్ పోతుందని టెన్షన్. అసలు రెండు పనులూ ఒకే మెషీన్‌లో పెట్టిందే అందుకు కదా. మీ వినైల్ (స్టికర్ ఫిల్మ్) నాసిరకం అయి ఉంటుంది.

పాత ఆపరేటర్
తమ్ముడూ, వేలికి అంటకపోవడం వేరు, ఆరడం వేరు. హీటర్ ఆరబెట్టేది పైపైన మాత్రమే. సాల్వెంట్ వినైల్ పొరను కొద్దిగా మెత్తబరిచి లోపలికి దిగుతుంది, ఇంకు దానికి గట్టిగా పట్టుకునేది అలాగే. దిగిన సాల్వెంట్ మెల్లగా గాలిలోకి పోవాలి. ఆలోపే పైన లామినేషన్ వేస్తే దానికి పైకి దారి ఉండదు. కిందికి దిగి గమ్‌ను మెత్తబరుస్తుంది, ఫిల్మ్ ముడుచుకుంటుంది, అంచు లేస్తుంది. గమ్ తీగలా సాగిందని మీరే రాశారు కదా, అది ఇదే. వినైల్ మార్చినా ఈ జబ్బు పోదు.

నలుపులోనే ఎందుకొచ్చిందంటే, నాలుగు రంగులు కలిపి వేసే నలుపులో ఇంకు చాలా ఎక్కువ పడుతుంది. లేత రంగులకు అంత సమయం పట్టదు. డిజైన్ మీ చేతిలో ఉంటే నలుపులో ఇంకు పరిమితి తగ్గించండి. కలర్ ప్రొఫైల్ (ఏ రంగుకు ఎంత ఇంకు వేయాలో చెప్పే సెట్టింగ్) సరిగ్గా ఉంటే కంటికి తేడా తెలియదు.

ఇంకోటి, చాలామంది 24 గంటలు ఆగామంటారు కానీ రోల్‌ను బిగించి చుట్టి మూలన పెడతారు. నా దృష్టిలో అది ఆగినట్టే కాదు. లోపలి చుట్లకు గాలే తగలదు. చుట్టల మధ్య వేలు దూరేంత వదులుగా చుట్టి, నిలబెట్టి, గాలి ఆడే చోట ఉంచండి. మరుసటి రోజు ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఘాటు వాసన వస్తుంటే ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

హీటర్ పెంచడం గురించి ఒక మాట. మరీ పెంచితే వినైల్ అలలు అలలుగా లేస్తుంది, హెడ్ దానికి రాసుకుంటుంది. ఒక ఆర్డర్ తొందరకు హెడ్ పోగొట్టుకోకండి.

కటింగ్ ప్లాటర్
లామినేషన్ విషయంలో ఒప్పుకుంటాను అన్నా. నేను చేసేవి ఎక్కువగా లామినేషన్ లేని స్టికర్లే, పైగా ఇంకు మీదుగా కట్ చేయను. ప్రింట్ చుట్టూ 2 మిల్లీమీటర్లు తెల్ల అంచు వదులుతాను. ఆ అంచులో సాల్వెంట్ ఉండదు కాబట్టి గట్టిగా పట్టుకుంటుంది. ఇలాంటి పనికి రోజంతా ఆపడం నాకు ఇప్పటికీ అనవసరమే అనిపిస్తుంది.

పాత ఆపరేటర్
తెల్ల అంచు మంచి పద్ధతే. కానీ కస్టమర్‌కు అంచు వరకు రంగు కావాలంటే ఏం చేస్తారు? తడి ఇంకు మీద పించ్ రోలర్లు (వినైల్‌ను నొక్కి పట్టే చక్రాలు) వెనక్కీ ముందుకీ తిరిగితే గీతలు పడడం కూడా చూశాను. కనీసం కొన్ని గంటలైనా వదలండి.

లేటెక్స్ వాడుక
2008లో హెచ్‌పీ లేటెక్స్ (నీటి ఆధారిత ఇంకు) మెషీన్ తెచ్చినప్పుడు ముఖ్యంగా చెప్పుకున్నది ఇదే, మెషీన్ నుంచి రాగానే లామినేట్ చేసుకోవచ్చని. నేను అలాగే చేస్తున్నాను. కాకపోతే ఆరబెట్టే వేడి ఎక్కువ, పల్చటి మీడియా సాగుతుంది. యూవీ ప్రింట్‌కు (యూవీ కాంతితో ఇంకు గట్టిపడేది) కూడా ఆగక్కర్లేదు, కానీ ఇంకు గరుకుగా ఉండి లామినేషన్ కింద సన్నటి గాలి చుక్కలు మిగులుతాయి. అర్జంటు పనులే ఎక్కువైతే ఇంకు రకం మార్చడం గురించి ఆలోచించండి.

స్టికర్ పని
మెషీన్ మార్చడం ఇప్పట్లో కుదరదండి. అదే ఫైలు, అదే వినైల్‌తో రెండు ముక్కలు తీశాను. ఒకటి వెంటనే లామినేట్ చేశాను, రెండోది వదులుగా చుట్టి ఒక రోజు నిలబెట్టాను. రెండూ ఒకే అద్దం మీద అంటించి ఐదు రోజులు చూశాను. మొదటి దానికి చుట్టూ గమ్ గీత బయటపడింది, వినైల్ లోపలికి ముడుచుకుంది. రెండోది అంటించిన చోటే ఉంది. నలుపున్న పనులకు ఆగుతాను, అది తేలిపోయింది. ఇప్పుడు భయం అలైన్‌మెంట్ గురించే. లామినేషన్ తర్వాత, ఎక్కడ కట్ చేయాలో చూపే మార్కులను ప్లాటర్ (కట్ చేసే భాగం) సరిగ్గా చదవడం లేదు.

పాత ఆపరేటర్
గ్లాసీ లామినేషనా? మెరుపు వల్ల సెన్సర్ పొరబడుతుంది. మార్కుల మీద మ్యాట్ టేపు చిన్న ముక్క అతికించి చూడండి. పొడవాటి రోల్ మొత్తానికి నాలుగే మార్కులు పెట్టకండి. లామినేటర్ లాగుడుకు ఫిల్మ్ కొద్దిగా సాగుతుంది, పొడవు పెరిగేకొద్దీ తేడా కూడుతుంది. చిన్న ప్యానెళ్లుగా విడగొట్టి ప్రతి దానికీ వేరే మార్కులు ఇవ్వండి. ప్లాటర్ ఆ నాలుగింటిని కొలిచి సాగుడును, వంకరను సరిదిద్దుకుంటుంది.

లామినేట్ అయ్యాక మందం పెరుగుతుంది కాబట్టి బ్లేడ్ నొక్కే పాత ఫోర్స్ చాలదు. ప్రతి రోల్ మొదట్లో చిన్న చతురస్రం హాఫ్ కట్ చేసి (వెనక పేపర్ తెగకుండా పై ఫిల్మ్ వరకే కోసి) ఊడదీయండి. నాలుగు మూలలూ తెగి, వెనక బ్యాకింగ్ పేపర్ మీద గీత లీలగా మాత్రమే కనిపించాలి. పేపర్ తెగిందంటే బ్లేడ్ ఎక్కువ బయటికి వచ్చినట్టు. మూలల్లో దారంలా అంటుకుంటే ముందు బ్లేడ్ మొన చూడండి, ఆ తర్వాతే ఫోర్స్ పెంచండి.

స్టికర్ పని
మ్యాట్ టేపుతో మొదటిసారికే చదివింది అన్నా. మూలల్లో మాత్రం దారం వస్తోంది. బ్లేడ్ మార్చి రేపు చెప్తాను.