పాత మొబైల్ హోమ్ కొని వాయిదాలపై అమ్మడం: టెక్సాస్‌లో మొదలుపెట్టేవారికి మీ అనుభవాలు చెప్పండి

ఫోర్ట్ వర్త్ కొత్తవాడు:
అందరికీ నమస్కారం. మేము ఫోర్ట్ వర్త్ శివారులో ఉంటున్నాము. ఈ మధ్యే గ్రీన్ కార్డు వచ్చింది, పెట్టుబడికి ఇరవై వేల డాలర్లకు మించి లేదు. అది మామూలు ఇంటి డౌన్ పేమెంటుకే చాలదు కనుక, మొబైల్ హోమ్ పార్కులో (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చిన ఇళ్ళను అద్దె స్థలాల్లో నిలిపే చోటు) ఉన్న పాత సింగిల్ వైడ్, అంటే ఒకే భాగంగా తయారైన ఇల్లు, ఒకటి నగదుకు కొని, బాగు చేయించి, బ్యాంకు అప్పు పుట్టని కుటుంబానికి నెలవారీ వాయిదాలపై అమ్మాలని అనుకుంటున్నాను. ఉదాహరణకు 6,000కు కొని, మరమ్మతులకు 3,000 పెట్టి, 18,000కు అమ్మాననుకోండి. 2,000 ముందుగా తీసుకుని, మిగతా 16,000కు 10 శాతం వడ్డీతో 60 నెలల గడువు ఇస్తే నెలకు దాదాపు 340 వస్తుంది. కాగితం మీద చూస్తే 21 నెలల్లో నా డబ్బు నాకు తిరిగి వచ్చేస్తుంది. ఈ లెక్కలో నేను చూడనిది ఏముందో తెలిసినవారు చెప్పగలరు.

శాన్ ఆంటోనియో పాతకాపు:
మీ లెక్కలో లాట్ రెంట్, అంటే స్థలం అద్దె, లేదు. కింది నేల పార్కు యజమానిది కాబట్టి, కొనుక్కున్న కుటుంబం మీకు కట్టే 340తో పాటు పార్కుకు కూడా నెలనెలా అద్దె కట్టాలి. అది 500 అయితే వారి భారం 840 అవుతుంది, ఆ మొత్తాన్ని వారి జీతం తట్టుకుంటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. కొనుగోలుదారు దొరికే వరకూ, దొరికినవారు వెళ్ళిపోయాక మళ్ళీ దొరికే వరకూ ఆ అద్దె మీ జేబులోంచే పోతుంది. అందుకే ఇంటికన్నా ముందు పార్కును చూడమంటాను.

పార్కు ఆఫీసులో మేనేజరును అడగవలసినవి రెండు ఉన్నాయి. ఇల్లు అమ్మిన తర్వాత కూడా దానిని అదే స్థలంలో ఉండనిస్తారా, లేక ఫలానా ఏడాదికి ముందువైతే తరలించుకుపొమ్మంటారా అన్నది మొదటిది. తరలింపు, మళ్ళీ నిలబెట్టి కట్టడం కలిపితే పాత ఇంటి ఖరీదును మించిపోవచ్చు. మీరు తెచ్చే కొనుగోలుదారును వారు ఏ కొలమానంతో ఒప్పుకుంటారన్నది రెండవది. ఆదాయం, క్రెడిట్ (అప్పులు తీర్చిన చరిత్ర), పాత కేసులు, పెంపుడు జంతువులు, అన్నీ చూస్తారు. మీరు ఒప్పుకున్నవారిని పార్కు కాదంటే ఆ బేరం అక్కడితో సరి. ఈ రెండింటికీ జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే మేనేజర్లు తరచూ మారతారు.

ఇక ఇల్లు. 1976 జూన్ 15 తర్వాత తయారైన ఇంటి ప్రతి సెక్షనుకూ (భాగానికీ) బయటి గోడ మీద ఎర్రటి చిన్న లోహపు రేకు ఉంటుంది, అది హెచ్‌యూడీ (కేంద్ర గృహనిర్మాణ శాఖ) ముద్ర. లోపల కిచెన్ క్యాబినెట్ తలుపు వెనకో, కరెంటు ప్యానెల్ దగ్గరో, అల్మారాలోనో డేటా ప్లేట్ అని ఒక కాగితం అతికించి ఉంటుంది. సీరియల్ నంబరు, తయారైన తేదీ దాని మీదే దొరుకుతాయి. 1976 జూన్ 15కు ముందువాటి జోలికి మొదటిసారే వెళ్ళవద్దు. వాటికి బీమా దొరకడం కష్టం, చాలా పార్కులూ ఇష్టపడవు.

నేలను మడమతో గట్టిగా నొక్కుతూ నడవండి, ముఖ్యంగా బాత్‌టబ్ చుట్టూ, వాటర్ హీటర్ గది ముందు, కిటికీల కింద. పాత మొబైల్ హోమ్‌లలో నేల చాలావరకు పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలక), నీరు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. సింకు కింద బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టాలు కనిపిస్తే అవి పాలీబ్యూటిలీన్ కావచ్చు. 1978 నుంచి 1990ల మధ్య వరకు వాడి, పగిలిపోతున్నాయని మానేసినవి అవే. వాటిని మార్పించడానికి అయ్యే ఖర్చును బేరంలోనే తగ్గించుకోవాలి.

కాగితాల మనిషి:
నగదుకు కొనేటప్పుడు చేతికి తాళాలు వచ్చాయని సంబరపడేవారే ఎక్కువ. టెక్సాస్‌లో ఇంటి యాజమాన్యాన్ని టీడీహెచ్‌సీఏ (రాష్ట్ర గృహ వ్యవహారాల శాఖ) మాన్యుఫాక్చర్డ్ హౌసింగ్ విభాగం ఇచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్ అనే పత్రం చెబుతుంది. హెచ్‌యూడీ రేకు మీది లేబుల్ నంబరుతోనో సీరియల్ నంబరుతోనో వారి వెబ్‌సైటులో వెతికితే యజమాని పేరు, లీన్‌లు (అప్పిచ్చినవారికి ఇంటి మీద ఉండే హక్కులు), పన్ను బకాయిలు బయటపడతాయి. పాత యజమాని ఎగ్గొట్టిన కౌంటీ పన్ను ఇంటితోపాటే మీ నెత్తిన పడుతుంది. మీరు వాయిదాలపై అమ్మేటప్పుడు కూడా యాజమాన్యం కొన్నవారి పేరున మారి, లీన్ దగ్గర మీ పేరు నమోదు కావాలి. అది లేకుండా ప్రామిసరీ నోటు ఒక్కటే ఉంటే మీరు తాకట్టు లేకుండా అప్పిచ్చినవారవుతారు.

మరొక మాట: టెక్సాస్‌లో ఏడాదిలో ఒకటికి మించి ఇళ్ళు అమ్మాలంటే రిటైలర్ లైసెన్సు అవసరం. ఒకటితో ఆపేవారికే మీ పద్ధతి సులభం, రెండోది అమ్మితే అది వ్యాపారం కిందికి వస్తుంది.

కేంద్రం వైపు నుంచి చూస్తే, 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం కింద ఇంటి అప్పులు ఇచ్చేవారికి వచ్చిన నిబంధనలు మొబైల్ హోమ్‌లకూ వర్తిస్తాయి. సొంత ఆస్తుల్లో 12 నెలల్లో ఒక్కదాన్నే వాయిదాలపై అమ్మేవారికి ఒక మినహాయింపు ఉంది, కానీ అది వ్యక్తికీ, ట్రస్టుకూ, ఎస్టేటుకూ (చనిపోయినవారి ఆస్తి) మాత్రమే, ఎల్ఎల్‌సీకి (యజమాని బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీకి) కాదు. మూడింటి వరకు మరో మినహాయింపు ఎల్ఎల్‌సీకి కూడా దొరుకుతుంది, కానీ అందులో వాయిదాలతోనే అప్పు పూర్తిగా తీరాలి, చివర్లో పెద్దమొత్తం పెట్టకూడదు, కొనేవారు కట్టగలరని మీరు నిజాయితీగా నిర్ధారించుకోవాలి. అందరూ చెప్పారని ముందే ఎల్ఎల్‌సీ పెట్టేవారు ఈ తేడాను గమనించరు.

పన్నులు చూసే అమ్మాయి:
కొత్తవాడు గారూ, 21 నెలల్లో అసలు వస్తుందన్నది పన్నుకు ముందు మాట. వాయిదాలపై అమ్మినవారు లాభాన్ని వచ్చిన మేరకే చూపుకునే ఇన్‌స్టాల్‌మెంట్ పద్ధతి ఉంది, ఫారం 6252 దానికోసమే. అయితే అమ్మడానికే కొని తిప్పేవారిని ఐఆర్‌ఎస్ (కేంద్ర పన్నుల శాఖ) డీలర్‌గా, అంటే వ్యాపారిగా, చూస్తే ఆ వెసులుబాటు ఉండదు. 2,000 మాత్రమే చేతికి వచ్చిన ఏడాదిలోనే మీ 9,000 లాభం మొత్తానికీ పన్ను కట్టవలసి రావచ్చు. ఒక్క ఇల్లయినా కొన్న ఉద్దేశమే అమ్మకం కనుక, సీపీఏతో (లైసెన్సు ఉన్న అకౌంటెంటుతో) మాట్లాడాకే కొనండి.

వీసా మీద ఉన్నవాడు:
నేను హెచ్-1బీ మీద ఉన్నాను, ఇదే ఆలోచన చేస్తున్నాను. మరమ్మతులు నేనే చేస్తే ఏమైనా ఇబ్బందా?

శాన్ ఆంటోనియో పాతకాపు:
డబ్బు పెట్టడం వేరు, సుత్తి పట్టడం, కొనుగోలుదారులను వెతకడం, వసూళ్ళు చూడడం వేరు. రెండోది అనుమతి లేని పనిగా లెక్కవేసే ప్రమాదం ఉంది. ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా అడుగు వేయవద్దు.

నార్త్ కరోలినా వాసి:
మాది షార్లట్ వైపు. ఇక్కడ ఇంటి టైటిల్ (యాజమాన్య పత్రం) కారుకులాగే డీఎంవీలో (వాహనాల శాఖలో) ఉంటుంది, కానీ నేను చెప్పాలనుకున్నది వసూళ్ళ గురించి. నా దగ్గర కొన్న ఒక కుటుంబం నాకు వాయిదాలు సరిగ్గానే కడుతూ వచ్చింది. పార్కు మరొకరి చేతికి పోయి లాట్ రెంట్ పెరిగాక వారు పార్కుకు అద్దె ఎగ్గొట్టి నాకు కట్టారు, ఆ సంగతి నాకు చెప్పలేదు. ఖాళీ చేయమని పార్కు నోటీసు అంటించిన తర్వాతే నాకు తెలిసింది. బకాయి నేనే తీర్చి, వారికి కొంత డబ్బిచ్చి, గొడవ లేకుండా తాళం తీసుకున్నాను. నివాసం ఉన్న ఇంటికి తాళం మార్చి లాక్కోవడం కుదరదు, కోర్టుకు వెళితే నెలలు గడుస్తాయి, అంతవరకూ లాట్ రెంట్ ఆగదు. ఆ తర్వాత నుంచి ప్రతి నోటులోనూ పార్కు బకాయి కూడా డిఫాల్టే (నోటు షరతు తప్పినట్టే) అని రాయిస్తున్నాను, బకాయి పడితే నాకు ఫోన్ చేయమని మేనేజరు దగ్గర నంబరు ఇచ్చి ఉంచుతున్నాను. బీమాలో లాస్ పేయీగా, అంటే నష్టపరిహారం అందుకునేవారిగా, నా పేరు ఉండాలన్నది కూడా షరతే.

ఫోర్ట్ వర్త్ కొత్తవాడు:
అందరికీ ధన్యవాదాలు. నేను చూసిన ఇల్లు 1983 నాటిది, బాత్‌రూమ్ దగ్గర నేల కాస్త కుంగుతోంది. ఇంతకీ నాకు తెలియనిది ఆ పార్కు ఎవరిది, అద్దె ఎలా పెరిగిందన్నదే. బయానా ఇచ్చే ముందు ఇంకేం అడగాలి?

శాన్ ఆంటోనియో పాతకాపు:
గత మూడేళ్ళ లాట్ రెంట్ రసీదులు అమ్మేవారినే అడగండి, ఆఫీసులో చెప్పేదానికన్నా వాటిలోనే నిజం ఉంటుంది. పార్కు యజమాని పేరు కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే సంస్థ) వెబ్‌సైటులో చిరునామాతో వెతికితే దొరుకుతుంది. పార్కు అమ్మకానికి ఉందని తేలితే, ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి. నేల విషయానికొస్తే, బెల్లీ బోర్డు (ఇంటి అడుగున కప్పే పొర) కిందికి వేలాడుతోందేమో స్కర్టింగ్ (ఇంటి అడుగు చుట్టూ ఉండే తెర) పలక ఒకటి తీసి టార్చితో చూడండి. అక్కడ తడి ఉంటే 3,000తో పని కాదు.