పైరసీ సైట్లపై ముందస్తు నిషేధపు ఉత్తర్వును హైదరాబాదులోనే పొందవచ్చునా?

మిత్రులం కలిసి తక్కువ ఖర్చుతో తీసిన తెలుగు చిత్రం త్వరలో విడుదల కానున్నది. సినిమాలను అక్రమంగా పంచే టొరెంట్ సైట్ల బెడదను ముందుగానే అడ్డుకోవాలని మా ప్రయత్నం. 2019 ఏప్రిల్‌లో, చిత్ర నిర్మాణ సంస్థ యూటీవీ 1337ఎక్స్ తదితర టొరెంట్ సైట్లపై వేసిన దావాలో ఢిల్లీ హైకోర్టు తీర్పునిస్తూ, నిషేధించిన సైటు కొత్త చిరునామాతో మళ్ళీ తెరుచుకుంటే, ప్రతిసారీ కొత్త దావా వేయనక్కరలేకుండా, ఆ కోర్టు అధికారి అయిన జాయింట్ రిజిస్ట్రార్ ఎదుట దరఖాస్తు పెట్టుకొని దానినీ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చుకునే వీలు కల్పించింది. కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత లేని చిన్న నిర్మాతలకు ఇది ఎంతో అండ అని నా నమ్మకం.

కాపీరైటు చట్టం 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తాను వ్యాపారం చేసే చోటనే దావా వేయవచ్చు గనుక, ఇటువంటి ఉత్తర్వును వ్యాపార వివాదాలను విచారించే హైదరాబాదులోని కమర్షియల్ కోర్టులో కోరవచ్చునా? విడుదలకు ముందే దానిని పొందాలంటే ఏయే పత్రాలు చూపాలి? ఇటువంటి కేసులు నడిపినవారు దయచేసి తెలుపగలరు.